ఈ నొప్పి మెడదా, భుజానిదా? ఫిజియోథెరపీ పరీక్షలో ఏమేమి చూడాలి?

ప్రశ్న — ఖమ్మం జిల్లా నుండి ఒక ఉపాధ్యాయిని

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. వయసు యాభైకి దగ్గర పడింది. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది, ఈ మధ్య అది సరిగా అదుపులో లేదు. దసరా సెలవుల ముందు నుండి కుడివైపు మెడ మొదట్లో పట్టేసినట్లుగా ఉండి, అక్కడి నుండి భుజం మీదుగా జబ్బ మధ్య వరకు సలుపు వస్తున్నది. పగలు బోర్డు మీద రాసేటప్పుడు చేయి పైకి లేవడం కష్టమవుతున్నది. రాత్రి ఆ వైపు తిరిగి పడుకుంటే నొప్పికి మెలకువ వచ్చేస్తున్నది. జడ వేసుకోవడానికీ, వీపు వెనుకకు చేయి పెట్టడానికీ ఇంట్లో వాళ్ల సాయం తీసుకోవలసి వస్తున్నది.

మొదట చూపించుకున్న చోట ఎంఆర్ఐ తీయించారు. సి5–సి6 (మెడలోని ఐదవ, ఆరవ వెన్నుపూసలు) మధ్య డిస్క్ ఉబ్బిందనీ, మెడ సహజమైన వంపు తగ్గిందనీ రిపోర్టులో ఉంది. మెడకు కాలర్ ఇచ్చి, కొన్ని వారాల పాటు ట్రాక్షన్ (మెడను లాగి పట్టే చికిత్స), కరెంటు పెట్టారు. పెట్టిన రోజు కొంచెం హాయిగా ఉండేది కానీ చేయి కదలిక మాత్రం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. తెలిసినవారు చెబితే వేరే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. ఆ అమ్మాయి ముందుగా చాలా సేపు ప్రశ్నలు అడిగింది. తర్వాత మెడను అన్ని వైపులా తిప్పించి, తల మీద నొక్కి చూసి, చిన్న సుత్తితో మోచేతి దగ్గర కొట్టి, దూదితో చేతి వేళ్లను తాకి, చివరకు మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటి వైపుకు తిప్పి చూసింది. ఎడమ చేయి సులువుగా బయటకు వెళ్లింది. కుడి చేయి కొద్దిగా కదిలి, గట్టిగా ఆగిపోయింది. అప్పుడు ఆమె, "మీ ప్రధాన సమస్య మెడలో ఉన్నట్లు లేదమ్మా, భుజం కీలు బిగుసుకుంటున్నది" అని చెప్పి ట్రాక్షన్ ఆపేయమన్నది.

ఇంత ఖరీదైన స్కానులో మెడ లోపం స్పష్టంగా కనిపిస్తుండగా, కేవలం చేతితో చేసిన పరీక్ష ఆధారంగా సమస్య మెడది కాదని చెప్పవచ్చునా? ఈ పరీక్షలన్నీ నిజంగా అవసరమేనా? ఆ అమ్మాయి మీద నాకు నమ్మకం కలిగింది కానీ, రెండు చోట్ల రెండు మాటలు విన్న తర్వాత మనసు కుదుటపడడం లేదు. ఈ వృత్తిలో ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు — విజయవాడ నుండి ఒక ఫిజియోథెరపిస్టు

నమస్కారం మేడం గారూ. మిమ్మల్ని స్వయంగా చూడకుండా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, రెండవ ఫిజియోథెరపిస్టు చేసిన పరీక్ష ఒక క్రమంలో, ఎంతో శ్రద్ధగా సాగింది. ఆ క్రమం వెనుక ఉన్న కారణం తెలిస్తే మీ సందేహంలో చాలా భాగం తీరుతుంది.

ముందుగా స్కాను సంగతి చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ మంది చిక్కుకుపోయేది అక్కడే. జపాన్‌లో మెడ నొప్పి గానీ చేతి నొప్పి గానీ లేని 1211 మంది ఆరోగ్యవంతులకు మెడ ఎంఆర్ఐ తీసి, ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. వారిలో 87.6 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. ఇరవైలలో ఉన్న యువతీయువకులలో కూడా నలుగురిలో దాదాపు ముగ్గురికి అది ఉంది. అంతకు చాలా ముందే, 1990లో అమెరికాలో ఏ బాధా లేని 63 మందిని ఇలాగే పరిశీలించినప్పుడు, నలభై దాటినవారిలో 28 శాతం మంది స్కానులు లోపం ఉన్నట్లు చూపాయి. కాబట్టి మీ వయసులో సి5–సి6 డిస్క్ ఉబ్బి ఉండడం వింత కాదు. మీ నొప్పికి ఆ ఉబ్బే కారణమా కాదా అన్నది స్కాను చెప్పలేదు. ఆ ఉబ్బు వల్ల నరం మీద ఒత్తిడి పడుతున్నదని శరీరం వేరే గుర్తుల ద్వారా చూపించాలి, ఆ గుర్తులను వెతకడానికే సుత్తి, దూది, తల మీద నొక్కడం.

మెడలో ఏడు వెన్నుపూసలు, ఎనిమిది జతల నరాలు ఉంటాయి. సి5, సి6 పూసల మధ్య నుండి బయటకు వచ్చేది ఆరవ నరం. దాని మీద ఒత్తిడి పడితే సాధారణంగా నొప్పి మోచేయి దాటి, ముంజేతి బొటనవేలి వైపుకు పాకుతుంది, బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతాయి. మోచేతిని మడవడంలో, మణికట్టును పైకి లేపడంలో బలం తగ్గవచ్చు. మోచేతి ముందు సుత్తితో కొట్టినప్పుడు రావలసిన కుదుపు మందగించవచ్చు. ఏడవ నరం దెబ్బతింటే మధ్యవేలు మొద్దుబారి, మోచేతిని చాపే బలం తగ్గుతుంది, ఎనిమిదవదైతే చిటికెన వేలి వైపు. మీ ఫిజియో వేళ్లను దూదితో తాకి చూసింది ఏ వేలు ఏ నరానిదో తెలిసే. ఐదవ నరం ఒక్కటే కాస్త తికమక పెడుతుంది, ఎందుకంటే దాని నొప్పి సరిగ్గా భుజం బయటి వైపునే వచ్చి, భుజం జబ్బులా కనిపిస్తుంది.

తల మీద నొక్కిన పరీక్షను స్పర్లింగ్ పరీక్ష అంటారు. తలను నొప్పి ఉన్న వైపుకు వంచి, పై నుండి మెల్లగా ఒత్తినప్పుడు చేతిలోకి నొప్పి పాకితే నరం మూలం దగ్గర ఇరుకు ఉందని అనుమానిస్తాం. దానితో పాటు, తలను మెల్లగా పైకి లాగితే ఉపశమనం కలుగుతుందా, చేతిని పక్కకు చాపి నరాన్ని సాగదీస్తే మీకు తెలిసిన నొప్పే వస్తుందా, నొప్పి ఉన్న వైపుకు మెడ 60 డిగ్రీల కంటే తక్కువగా తిరుగుతున్నదా అని చూస్తాం. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఈ నాలుగూ అవుననిపిస్తే నరం ఒత్తిడికి గురై ఉండే అవకాశం 90 శాతం వరకు ఉంటుంది, మూడే అయితే 65 శాతం. నరాన్ని సాగదీసే పరీక్షలో ఏమీ రాకపోతే నరం ఒత్తిడిని దాదాపుగా పక్కన పెట్టవచ్చు. రోజూ రోగులను చూసేవారికి ఈ చివరి విషయం అన్నిటికన్నా ఎక్కువగా పనికి వస్తుంది.

ఇక మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం. నా దృష్టిలో మీ కథ అంతా ఆ ఒక్క కదలికలో ఉంది. భుజం కీలును ఒక పొర చుట్టి ఉంటుంది, దాని ముందు పై భాగం మందమై కుంచించుకుపోతే ముందుగా బయటి వైపు తిరగడమే ఆగిపోతుంది. మీ అంతట మీరు తిప్పినప్పుడు మాత్రమే కాక, మీరు చేతిని పూర్తిగా వదిలేసి ఫిజియో తిప్పినప్పుడు కూడా అదే చోట గట్టిగా ఆగిపోతే, అది ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు) వైపు బలంగా చూపుతుంది. కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) చిరిగినవారిలో తీరు వేరుగా ఉంటుంది: వాళ్లు సొంతంగా చేయి ఎత్తలేరు కానీ, ఇంకొకరు ఎత్తితే చేయి పైకి వెళ్తుంది. మెడ నరం దెబ్బతిన్నవారిలో కూడా బలం తగ్గుతుందే తప్ప, కీలు ఇలా బిగుసుకోదు. మెడ, భుజం జబ్బులను వేరు చేయడానికి, నొప్పి ఎంత ఉందనే దానికంటే కదలిక సొంతంగా పోయిందా, ఇంకొకరు కదిపినా పోయిందా అనే ప్రశ్న ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది. షుగర్ ఉన్నవారికి ఫ్రోజెన్ షోల్డర్ మిగతావారి కంటే చాలా ఎక్కువగా వస్తుంది, అందులోనూ అది నలభై నుండి అరవై ఏళ్ల మధ్య ఆడవారిలో ఎక్కువ. అందుకే ఏళ్లుగా షుగర్ ఉందన్న మాట వినగానే, భుజాన్ని పరీక్షించకుండా మెడకు చికిత్స మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు.

మరి మెడలో నొప్పి ఎందుకు వస్తున్నదని మీరు అడగవచ్చు. చేయి పూర్తిగా పైకి లేచినప్పుడు దాదాపు 120 డిగ్రీల కదలిక భుజం కీలులో, 60 డిగ్రీలు రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. కీలు బిగుసుకున్నప్పుడు ఆ లోటును పూడ్చడానికి రెక్క ఎముకను పైకి లాగి పట్టుకోవలసి వస్తుంది. ఆ లాగే పనిని మెడ నుండి భుజానికి వచ్చే కండరాలే చేస్తాయి. బోర్డు మీద గంటల తరబడి రాసే మీకు సాయంత్రానికి అవి అలిసిపోయి పట్టేయడంలో ఆశ్చర్యం లేదు. అద్దం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తండి. కుడి భుజం చెవి వైపుకు ఎగబాకుతుంటే నేను చెప్పిందేమిటో కనిపిస్తుంది.

రెండు విషయాలు తెలియజేయగలరా? నొప్పి ఎప్పుడైనా మోచేయి దాటి వేళ్ల దాకా వచ్చిందా? అరచేతిని తల మీద పెట్టుకుంటే చేతి నొప్పి తగ్గుతుందా, పెరుగుతుందా? మెడ నరం ఒత్తిడి ఉన్నవారికి ఆ భంగిమలో హాయిగా ఉంటుంది. భుజం బిగుసుకున్నవారు అసలు చేతిని అక్కడి దాకా తీసుకురాలేరు.

జవాబు — విశాఖపట్నం నుండి, ఫిజియోథెరపీ బోధించే అధ్యాపకుడు

పై జవాబులోని ప్రధాన విషయంతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే కొన్ని చోట్ల జాగ్రత్త అవసరమని చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మా విద్యార్థులు పరీక్షల పేర్లను కంఠస్థం చేసి, ఒక పరీక్షలో నొప్పి వచ్చిందంటే ఫలానా కండరం దెబ్బతిన్నదని తేల్చేస్తుంటారు. ఈ అలవాటును మాన్పించడానికి నేను చాలా శ్రమ పడుతున్నాను.

భుజానికి పదుల కొద్దీ ప్రత్యేక పరీక్షలు ఉన్నాయి. నీర్, హాకిన్స్–కెన్నెడీ, ఖాళీ డబ్బా పరీక్ష, ఇలా ఎన్నో. చేయి 60 నుండి 120 డిగ్రీల మధ్య ఎత్తేటప్పుడు మాత్రమే నొప్పి రావడాన్ని కూడా ఒక గుర్తుగా చూస్తాం. అధ్యయనాలన్నిటినీ కలిపి 2012లో చేసిన ఒక సమీక్షలో, ఏ ఒక్క పరీక్షనూ దాని బలం మీద మాత్రమే నమ్మమని సిఫారసు చేయలేమని తేల్చారు. భుజంలోని టెండన్లు, పొరలు, ద్రవసంచి అన్నీ పక్కపక్కనే ఒత్తుకుని ఉంటాయి కాబట్టి, చేతిని ఒక వైపు మెలితిప్పి వాటిలో ఒక్కదాన్నే పరీక్షించడం సాధ్యం కాదు. పై జవాబులో చెప్పిన 2003 నాటి మెడ అధ్యయనం కూడా 82 మంది మీద చేసిన చిన్నదే. ఆ నాలుగు పరీక్షలు ఉపయోగకరమైనవే, నేనూ నేర్పిస్తాను, కానీ 90 శాతం అన్న అంకెను రోగికి హామీగా చెప్పకూడదు. స్పర్లింగ్ పరీక్షలో నొప్పి రాలేదంటే నరం ఒత్తిడి లేదని అర్థం కాదు, వచ్చినప్పుడే దానికి బలం.

మరొక విషయం. చేయి బయటికి తిరగడం లేదన్నంత మాత్రాన ఫ్రోజెన్ షోల్డర్ అని రాసేయకూడదు. కీలు అరిగినవారికి కూడా ఆ కదలికే మొదట పోతుంది. మూర్ఛ వచ్చిన తర్వాత గానీ, కరెంటు షాకు కొట్టిన తర్వాత గానీ భుజం వెనుకకు జారి అలాగే ఉండిపోయినా అంతే. వీటిని చేతి పరీక్ష వేరు చేయలేదు, భుజానికి ఒక మామూలు ఎక్స్‌రే వేరు చేస్తుంది. అమ్మా, మీకు మెడ ఎంఆర్ఐ తీశారు కానీ భుజం ఎక్స్‌రే తీసినట్లు మీరు రాయలేదు. తీయకపోయి ఉంటే వైద్యుడిని అడిగి తీయించుకోండి. అలాగే నొప్పి తీవ్రంగా ఉన్న తొలి రోజులలో కండరాలు భయంతో బిగుసుకుని, కీలు బిగుసుకున్నట్లే కనిపిస్తుంది. అందుకే వెల్లకిలా పడుకోబెట్టి, రెక్క ఎముక కదలకుండా పట్టుకుని, మెల్లగా మళ్లీ కొలవాలి. కూర్చోబెట్టి కొలిస్తే రోగి తనకు తెలియకుండానే నడుము తిప్పేస్తుంది, ఆ తేడా చేతి కదలిక లెక్కలోకి చేరిపోతుంది.

మెడ, భుజం రెండింటిలోనూ సమస్య ఉండే అవకాశాన్ని కూడా నేను కొట్టివేయను. అలాంటప్పుడు మంచి పద్ధతి ఏమిటంటే, రోగికి బాగా ఇబ్బంది పెట్టే కదలిక ఒకటి ఎంచుకుని కొలవాలి, మెడకు సంబంధించిన చిన్న చికిత్స చేసి వెంటనే మళ్లీ కొలవాలి, తర్వాత భుజానికి చేసి ఇంకోసారి కొలవాలి. దేనివల్ల మార్పు వచ్చిందో అక్కడ వెతకాలి. దీనికి యంత్రాలేవీ అక్కరలేదు, సమయం మాత్రమే కావాలి. ఒక రోగికి కరెంటు పెట్టి పక్క రోగి దగ్గరకు పరుగెత్తే చోట ఆ సమయమే దొరకడం లేదు, అది నన్ను నిజంగా బాధిస్తుంది.

కొలతల గురించి కూడా చెప్పాలి. మెడ నొప్పి దైనందిన జీవితాన్ని ఎంత దెబ్బ తీసిందో కొలవడానికి 1991 నుండి వాడుకలో ఉన్న ఒక ప్రశ్నావళి ఉంది, పది అంశాలు, 50 మార్కులు. భుజానికీ అదే ఏడాది వచ్చిన పదమూడు ప్రశ్నలది ఒకటి ఉంది. మెడ ప్రశ్నావళిలో కారు నడపడం గురించిన అంశం ఒకటి ఉంటుంది, మన ఊళ్లలోని చాలా మంది ఆడవారికి అది వర్తించదు. దాని బదులు, రోగి తనకు ముఖ్యమైన పనులు తానే చెప్పి, ఒక్కొక్కటి ఎంతవరకు చేయగలుగుతున్నదో సున్నా నుండి పది వరకు అంకె వేసే పద్ధతి నాకు ఇష్టం. బోర్డు పై వరుసలో రాయడం, జడ వేసుకోవడం, కుడివైపు పడుకోవడం: ఈ మూడింటికీ ఈ రోజు అంకెలు వేసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

మీరిద్దరూ ఇంత ఓపికగా రాసినందుకు ఎంతో కృతజ్ఞురాలిని. నొప్పి ఎప్పుడూ మోచేయి దాటలేదు. వేళ్లలో తిమ్మిరి లేదు. అరచేతిని తల మీద పెట్టుకోవడానికి ప్రయత్నించాను, సగంలోనే ఆగిపోయింది. అద్దం ముందు చూసుకుంటే కుడి భుజం నిజంగానే చెవి వైపుకు ఎగబాకుతున్నది. భుజానికి ఎక్స్‌రే తీయలేదు, ఈ వారమే తీయించుకుంటాను.

ఒక సందేహం మిగిలింది. ఆ ఫిజియో అమ్మాయి, నడిచేటప్పుడు తూలుతున్నారా, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, బరువు తగ్గారా, రాత్రి జ్వరం వస్తున్నదా, మెట్లెక్కితే భుజం నొప్పి పెరుగుతుందా అని కూడా అడిగింది. మెడను ఎవరితోనైనా విరిపించుకున్నారా అని కూడా అడిగింది. చేతి నొప్పికీ ఈ ప్రశ్నలకూ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు.

జవాబు — ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న తెలుగు ఫిజియోథెరపిస్టు

అమ్మా, నమస్కారం. మీరు చివర రాసిన ప్రశ్నలు చూసిన తర్వాత, మీకు చాలా మంచి ఫిజియోథెరపిస్టు దొరికారని నాకు నమ్మకం కలిగింది. ఇక్కడ మేము నొప్పి ఎక్కడిదో వెతకడానికి ముందే, ఇది అసలు ఫిజియోథెరపీ చేయదగిన నొప్పేనా అని తేల్చుకోవాలి. ఆ ప్రశ్నలన్నీ అందుకే. ఎవరూ పట్టించుకోని ఈ భాగం గురించి నేను కొంచెం వివరంగా రాస్తాను.

నడకలో తూలు, గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిరాత చెడిపోవడం, ఇవి మెడలో వెన్నుపాము మీదే ఒత్తిడి పడుతున్నదనడానికి గుర్తులు. చేతికి వెళ్లే ఒక నరం నలిగితే ఆ చేయి బాధపడుతుంది, వెన్నుపాము నలిగితే కాళ్లు, చేతులు, మూత్రం మీద అదుపు కూడా దెబ్బతినవచ్చు. ఇందులో మోసం ఏమిటంటే, చాలా మందికి నొప్పి పెద్దగా ఉండదు. వయసు వల్ల వచ్చిన తడబాటు అనుకుని నెలలు గడిపేస్తారు. 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఐదు గుర్తులు సూచించింది: నడకలో తేడా, మధ్యవేలి గోటిని చిటికె వేసినట్లు వదిలితే బొటనవేలు ముడుచుకోవడం, ముంజేతి మీద సుత్తితో కొడితే మోచేయికి బదులు వేళ్లు ముడుచుకోవడం, అరికాలు గీస్తే కాలి బొటనవేలు పైకి లేవడం, వయసు 45 దాటడం. వీటిలో మూడు ఉంటే అనుమానం బలంగా ఉన్నట్లు, ఒకటి గానీ అసలు లేకపోవడం గానీ అయితే దాదాపు లేనట్లు. అనుమానం ఉన్నవారికి ట్రాక్షన్ పెట్టకూడదు, మెడ విరవకూడదు, న్యూరోసర్జన్ దగ్గరకు వెంటనే పంపాలి.

బరువు తగ్గడం, రాత్రి జ్వరం, విశ్రాంతి తీసుకున్నా తగ్గని నొప్పి గురించి అడిగింది క్యాన్సర్, క్షయ గురించి. మన దేశంలో క్షయ వెన్నుపూసకు రావడం అరుదు కాదు, మెడ పూసకూ రావచ్చు. ఊపిరితిత్తి పై కొసలో వచ్చే గడ్డ కూడా మొదట భుజం నొప్పిగా, చిటికెన వేలి వైపు నొప్పిగా కనిపిస్తుంది. ఆ వైపు కనురెప్ప కొంచెం వాలిపోవడం, కంటిపాప చిన్నబడడం కనిపిస్తే అది పెద్ద హెచ్చరిక. సిగరెట్టు, బీడీ, చుట్ట తాగేవారిలో దీన్ని ప్రత్యేకంగా చూడాలి. కుడి భుజం కొన మీద నొప్పి పిత్తాశయం నుండి కూడా రావచ్చు, ఎందుకంటే ఊపిరి కండరానికి వెళ్లే నరం మెడ మూడవ, నాలుగవ, ఐదవ నరాల నుండే మొదలవుతుంది. అలాంటి నొప్పి భుజాన్ని ఎలా కదిపినా పెరగదు, తగ్గదు. మీది కదలికతో స్పష్టంగా పెరుగుతున్నది, ఇది మంచి గుర్తే.

మెట్లెక్కితే పెరుగుతుందా అన్న ప్రశ్న గుండె కోసం. షుగర్ ఉన్న ఆడవారికి గుండెపోటు ముందు ఛాతీ నొప్పి లేకుండా భుజం, దవడ, వీపు నొప్పిగానో, ఉత్త ఆయాసంగానో రావచ్చు. నడిచినప్పుడు వచ్చి, ఆగగానే తగ్గే భుజం నొప్పి ఎడమవైపైనా కుడివైపైనా దానికి ఫిజియోథెరపీ కాదు, ఈసీజీ కావాలి. ఈ పోస్టు చదువుతున్న వారిలో ఎవరికైనా అలాంటి నొప్పి ఉంటే దయచేసి ఈ రోజే వైద్యుడిని కలవండి.

మెడ విరిపించుకోవడం గురించిన ప్రశ్న నాకు చాలా ముఖ్యమైనది. మన ఊళ్లలో క్షౌరశాలల్లో మర్దన చేసి చివర తలను పట్టుకుని ఒక్కసారిగా తిప్పడం మామూలు. మెడ వెనుక నుండి మెదడుకు వెళ్లే రక్తనాళపు లోపొర అప్పుడప్పుడు ఆ తిప్పుడుకు చిరిగిపోతుంది. అరుదే, కానీ జరిగితే పక్షవాతం వస్తుంది. మునుపెన్నడూ ఎరుగని మెడనొప్పి, తలనొప్పితో పాటు తల తిరగడం, మాట తడబడడం, చూపు రెండుగా కనిపించడం, మింగలేకపోవడం ఉంటే మెడను ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపాలి. ఫిజియోథెరపిస్టులు మెడను విరిచే చికిత్సలు చేసే ముందు కూడా బీపీ చూడడం, ఈ ప్రశ్నలు అడగడం తప్పనిసరి.

ప్రమాదం జరిగి మెడనొప్పితో వచ్చినవారి విషయంలో 2001 నుండి కెనడా సీ-స్పైన్ నియమం వాడుతున్నారు: వయసు 65 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయినా, ఎత్తు నుండి పడడం లాంటి ప్రమాదకరమైన దెబ్బ అయినా, చేతుల్లో గానీ కాళ్లలో గానీ తిమ్మిరి ఉన్నా ముందు స్కాను, ఆ తర్వాతే పరీక్ష. అవేవీ లేకుండా, దెబ్బ తీరు చిన్నదని తేలినప్పుడు, మెడను రెండు వైపులా 45 డిగ్రీలు సొంతంగా తిప్పగలిగితే స్కాను అవసరం ఉండదు. మీకు ప్రమాదమేదీ జరగలేదు కాబట్టి ఇది మీకు వర్తించదు, బైకు మీద నుండి పడి మెడనొప్పితో ఇంట్లోనే తైలం రాసుకునేవారి కోసం రాశాను.

జవాబు — విజయవాడ నుండి ఫిజియోథెరపిస్టు

మేడం గారూ, మీ జవాబులు చూశాను. నొప్పి మోచేయి దాటకపోవడం, తిమ్మిరి లేకపోవడం, చేయి తల మీదికి చేరకపోవడం, మూడూ భుజం వైపే చూపుతున్నాయి. విశాఖ గురువుగారు చెప్పినట్లు ఎక్స్‌రేలో కీలు మామూలుగా ఉంటే, మీ ఫిజియో అనుమానం మరింత బలపడుతుంది. ఆయన నా 90 శాతం అంకె గురించి చేసిన హెచ్చరిక సరైనదే, అందరూ గమనించగలరు.

తర్వాతి సారి వెళ్లినప్పుడు కొన్ని కొలతలు మీ ఫైలులో రాయమని అడగండి. పడుకోబెట్టి ముంజేతిని బయటికి తిప్పినప్పుడు రెండు చేతులకూ ఎన్ని డిగ్రీలు వచ్చాయో గోనియోమీటరుతో (కీళ్ల కోణాన్ని కొలిచే పరికరం) కొలిచి రాయాలి. చేయి పక్క నుండి ఎంతవరకు లేచిందో, వీపు వెనుక బొటనవేలు ఏ పూస దాకా చేరిందో కూడా ఉండాలి. రాత్రి నొప్పికి సున్నా నుండి పది వరకు ఒక అంకె, మీరు ఎంచుకున్న ఆ మూడు పనులకు అంకెలు. నొప్పి అంకె రెండైనా తగ్గితేనే దాన్ని నిజమైన మార్పుగా లెక్కిస్తాం. కొద్ది వారాల తర్వాత అవే కొలతలు, అదే భంగిమలో, వీలైతే అదే వ్యక్తి మళ్లీ తీయాలి. చికిత్స పనిచేస్తున్నదా లేదా అన్నది అప్పుడు మీకే కనిపిస్తుంది.

కీలును బలవంతంగా లాగించుకోవద్దు. 77 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగుల మీద నెదర్లాండ్స్‌లో చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నొప్పి హద్దు దాటకుండా మెల్లగా కదిపినవారిలో 89 శాతం మంది రెండేళ్లకు దాదాపు మామూలు స్థితికి వచ్చారు, నొప్పిని దాటి గట్టిగా సాగదీయించుకున్న వారిలో 63 శాతం మందే వచ్చారు. ఏడుపు వచ్చేదాకా చేయి లాగితేనే వైద్యం అనుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. నొప్పి తీవ్రంగా ఉన్న దశలో వైద్యుడు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ సూచించవచ్చు. అది ఉపయోగపడుతుంది కానీ కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, కాబట్టి మీ షుగర్ వైద్యుడికి ముందే చెప్పి, ఆ రోజుల్లో ఇంట్లో తరచుగా చూసుకోండి.

బోర్డు విషయం. పై వరుసను వదిలేసి కంటి ఎత్తుకు దిగువన రాయండి, పొడవాటి లెక్కలను పిల్లల చేత రాయించండి. కాలర్‌ను నెమ్మదిగా మానేయవచ్చునేమో ఫిజియోను అడగండి. వెన్నుపాము గుర్తులు గానీ నరం గుర్తులు గానీ లేనప్పుడు ఎక్కువ కాలం దాన్ని వేసుకుంటే మెడ కండరాలు బలహీనపడడం తప్ప లాభం లేదు. ఎక్స్‌రే వచ్చాక రిపోర్టులోని మాటలు ఇక్కడ రాయండి, అందరం కలిసి చూద్దాం.